గడప అవతల పాస్‌వర్డ్

ఇప్పుడు నేను చెప్పబోయే ఘోరం విని మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. మా ఇంట్లో, మా అత్తగారింట్లో, జావీద్ దుకాణంలో అందరూ నవ్వి నవ్వి అలసిపోయారు. ఇక మిగిలింది మీరే. పదిమందికి కంప్యూటర్ గురించి పాఠాలు చెప్పే మొనగాడు ఒకడు, తన కంప్యూటర్లోకి తానే దొంగలా కన్నం వేయవలసి వచ్చిన కథ ఇది. అదీ ఎప్పుడు? కొత్తగా పెళ్ళయి, ఆషాఢమాసమొచ్చి, భార్య పుట్టింటికి పోయిన రోజుల్లో. అంటే బుర్ర ఎలాగూ పనిచేయని రోజుల్లో.

నా పేరు తిరుపతి. కరీంనగర్ బస్టాండులో నిలబడి ఈ పేరు పెట్టి పిలిస్తే సగం మంది వెనక్కి తిరిగి చూస్తారు, కాబట్టి పేరు వల్ల మీకు నా గురించి తెలిసేది ఏమీ లేదు. పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేయడం నా పని. మా ఇంటి వీధిగదే దుకాణం. బాపు, అంటే మా నాన్న, నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో నన్ను కన్న అవ్వ, నేను, నా కంప్యూటర్. ఆ కంప్యూటర్‌కి ఉన్న పాస్‌వర్డ్ మా దుకాణం పేరే. అది మా వాడలో అందరికీ తెలుసు. నేను అన్నానికి లేస్తే చాలు, ఎవరో ఒకరు వచ్చి కూర్చుని సినిమా పెట్టుకునేవారు.

అప్పుడు మమత వచ్చింది. ధర్మపురి పిల్ల. మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. పెళ్ళయి నెల తిరిగిందో లేదో ఆషాఢం వచ్చిపడింది. మా వైపు పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ఆ నెలంతా కొత్తకోడలు అత్తగారింట్లో ఉండకూడదు, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడికి కొత్తగా పెళ్ళయి ఉండదని నా గట్టి నమ్మకం.

రేపు పొద్దున బస్సనగా ఆ సాయంత్రం మమత వీధిగదిలోకి వచ్చి నా పక్కన కూర్చుంది.

"పెండ్లి ఫోటోలు, వీడియోలు అన్ని గిండ్లనే ఉన్నయి గదా," అంది.

"ఉన్నయి."

"వాడకట్టోళ్ళందరు గీ డబ్బ తెరుస్తరు గదా."

"తెరుస్తరు."

"మరి పాస్‌వర్డ్ మార్చుండ్రి. మనిద్దరికే తెలిసేటిది ఏదన్న పెడుదాం."

ఆ "మనిద్దరికే" అన్న మాట ఉంది చూశారా, అక్కడే నా పతనం మొదలైంది. అంతవరకు నాతో కలిపి "మనిద్దరం" అన్నవాళ్ళు లేరు. అవ్వ అన్నా అది రేషన్ బియ్యం లెక్క కోసమే.

"ఏం పెడుదాం?" అన్నాను.

అవతలి గదిలో అవ్వ ఉందని మమత నా చెవి దగ్గరికి వంగి ఒక మాట చెప్పింది. ఏం చెప్పిందని మీరు అడుగుతారు. నేనూ ఆ తర్వాత ఎన్నోసార్లు అదే అడిగాను, నన్ను నేనే. అలా వంగినప్పుడు జడలో మల్లెపూల వాసన వచ్చింది. చేతికి ఇంకా పెళ్ళిగాజులున్నాయి, అవి గలగలమన్నాయి. రేపు ఈపాటికి ఈ కుర్చీ ఖాళీగా ఉంటుంది కదా అనిపించింది. ఇవన్నీ బాగా గుర్తున్నాయి. మాట ఒక్కటే చెవిలో పడకుండా ఎటో పోయింది.

"మంచిగున్నదా?" అని అడిగింది.

"మస్తున్నది," అన్నాను. అడగాల్సింది "మళ్ళొకసారి చెప్పు" అని. కానీ చెవిలో గుసగుసగా చెప్పినదాన్ని మళ్ళీ చెప్పమనడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది.

అక్కడితో ఆగినా బాగుండేది. నాలో ఉన్న కంప్యూటర్ పంతులు నిద్రలేచాడు. "గట్ల ఉత్త మాట పెట్టొద్దు మమతా. మొదటి అక్షరం పెద్దదుండాలె. చివర అంకె ఉండాలె. దాని పక్కకు ఏదన్న గుర్తు ఉండాలె. లేకుంటే దొంగలు కనుక్కుంటరు," అని గంభీరంగా చెప్పాను. మా వాడలో నా కంప్యూటర్ కోసం కాచుకున్న అంతర్జాతీయ దొంగలు ఎవరో నాకే తెలియదు.

"ఏ అంకె పెట్టాలె?"

"నీ ఇష్టం. నువ్వు కొట్టు, నేను చూడ," అని గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఎదుటివాళ్ళు పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మొహం తిప్పుకోవడం మా వృత్తిలో మర్యాద. ఇది నా సొంత కంప్యూటర్ అన్న సంగతి ఆ మర్యాదలో కొట్టుకుపోయింది.

"మర్చిపోతే యాదికి రావడానికి ఏదో రాయమంటుంది," అంది మమత తెర చూసి.

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "ఎట్ల మర్చిపోతం అని రాయి," అన్నాను.

అదే రాసింది.

మమత వెళ్ళిపోయింది. ఇల్లు ఎంత బోసిపోయిందో చెప్తే మీరు నన్ను ఇంకో రకంగా చూస్తారు కాబట్టి కొంచెమే చెప్తాను. వంటింట్లో ఆమె బోర్లించి పోయిన గ్లాసును నేను తియ్యనివ్వలేదు. దండెం మీద మరచిపోయిన చున్నీని అవ్వ మడత పెడుతుంటే "ఉండనియ్యి" అన్నాను. కంప్యూటర్ ఆర్పకుండా అలాగే ఉంచి రోజూ పెళ్ళి ఫోటోలు చూసుకుంటూ పని చేసుకునేవాణ్ణి. తలంబ్రాలు పోసేటప్పుడు ఆమె కళ్ళు మూసుకున్న ఫోటో ఒకటుంది. ఫోటోగ్రాఫరు అది బాగాలేదు, తీసేద్దాం అన్నాడు. నేను చూసేది అదే.

ఒక మధ్యాహ్నం పెద్ద వాన పడి కరెంటు పోయింది. తిరిగి వచ్చాక కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది.

నేను నిబ్బరంగా కీబోర్డు మీద వేళ్ళు పెట్టాను. వేళ్ళు అలాగే ఉండిపోయాయి.

మొదట మమత పేరు కొట్టాను. తప్పు అంది. కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం వచ్చింది: ఎట్ల మర్చిపోతం.

నా పేరు కొట్టాను. ఎట్ల మర్చిపోతం. ఇద్దరి పేర్లు కలిపి కొట్టాను. ఎట్ల మర్చిపోతం. ధర్మపురి, నరసింహస్వామి, గోదావరి. స్వామి కూడా కనికరించలేదు. సంబంధం కుదిరాక, పెళ్ళికి ముందు, ఆమె డిగ్రీ పరీక్షకు కరీంనగర్ వచ్చినప్పుడు, ఇద్దరం మానేరు డ్యాము కట్ట మీదికి పోయాం. అది గుర్తొచ్చి మానేరు అని కొట్టాను, డ్యాము అని కొట్టాను, దారిలో మొరాయించిన నా బండి పేరు కూడా కొట్టాను. ఆ రోజు గాలి, తుంపర, ఆమె చున్నీ ఎగిరి నా ముఖానికి చుట్టుకోవడం గుర్తున్నాయి. ఏం మాట్లాడుకున్నామో ఏం తిన్నామో అడిగితే మాత్రం చెప్పలేను. అన్నిటికీ కంప్యూటర్ ఒకటే జవాబు. నా మాటతో నన్నే కొట్టడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

"ఏం రా, గా డబ్బతోని కొట్లాడుతున్నవ్?" అంటూ అవ్వ వచ్చింది.

"తెరుచుకుంటలేదవ్వా."

"మొన్నటిదాంక తెరుచుకున్నది గదా."

"మొన్నటిదాంక మమత ఉండె గదా."

అవ్వ నా ముఖం చూసింది, కంప్యూటర్ ముఖం చూసింది. వంటింట్లోకి పోయి దొడ్డుప్పు, ఎండు మిరపకాయలు పట్టుకొచ్చింది. "ఇద్దరికీ దిష్టి తగిలింది," అని మొదట నాకు, తర్వాత కంప్యూటర్‌కి తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటుకు నేను దగ్గాను. కంప్యూటర్ దగ్గలేదు. దాని దిష్టి పోలేదని అవ్వ తేల్చింది. అవ్వ ఇప్పుడు లేదు. ఉంటే ఈ కథ నాకంటే బాగా చెప్పేది, నా వంతు నవ్వులు కూడా తనే కొట్టేసేది.

అటు బోనాల కమిటీ మల్లేశన్న ఫోన్ మీద ఫోన్. ఆయన ఫ్లెక్సీ కంప్యూటర్లోనే ఉంది.

"తిరుపతీ, నా ఫోటో జర పెద్దగ వెట్టినవా?"

"పెట్టిన అన్నా."

"అమ్మవారి కన్న పెద్దగ ఉండద్దు రా. సమానంగ ఉంటె సాలు."

"సరే అన్నా. రేపు ఇస్త."

"రేపు రేపనవడ్తివి. ఫ్లెక్సీ కట్టకుంటె బోనాలని జనాలకు ఎట్ల తెలుస్తది?"

ఇక తప్పదని మమతకు ఫోన్ చేశాను. మరిచిపోయానని చెప్పడానికి కాదు, అంత ధైర్యం ఎక్కడిది? "మనిద్దరికే" అని పెట్టుకున్న మొదటి మాట అది. నెల తిరక్కముందే మొగుడు మరిచాడంటే ఆ పిల్ల మనసు ఏమైపోతుంది? ఇతనికి నా మాట అంటే ఇంతేనా అనుకోదూ? అందుకని తెలివిగా, మాటల్లో మాటగా రాబట్టాలని నా పథకం.

ఫోన్ ఎత్తింది మా అత్తమ్మ.

"అల్లుడా, బాగున్నవా? మమత చేతులకు మైదాకు పెట్టుకున్నది, ఫోన్ పట్టరాదు. నేనే దాని చెవుకాడ పెడ్త, మాట్లాడు."

పెట్టింది, స్పీకరు నొక్కి మరీ పెట్టింది.

"మమతా," అన్నాను గొంతు తగ్గించి, "నువ్వు పోయెటప్పుడు నా చెవుల ఒక మాట చెప్పినవ్ గదా. అది మళ్ళొకసారి నీ నోటితోని వినాలనిపిస్తుంది."

వెంటనే అత్తమ్మ గొంతు: "ఏం మాటనో చెప్పు బిడ్డా, అడుగుతుండు గదా."

"నువ్వు జర అవతలికి పో అమ్మా," అంది మమత.

"నేను పోతె ఫోన్ ఎవలు పడ్తరే?"

చివరికి మమతే, "మీరే చెప్పుండ్రి. మీ నోట వినాలని నాకు గూడ ఉన్నది," అంది.

"అత్తమ్మ వింటుంది గదా," అన్నాను. బతికిపోయాననుకున్నాను.

"సరే గని, అక్కడ వాన పడుతుందా?"

"పడుతుంది."

"వాన పడితే మీకు ఏం యాదికొస్తది? ఏం తినబుద్ధి అయితది?"

"మిర్చీ బజ్జీలు," అన్నాను వెంటనే.

"మిర్చీలా," అంది మమత నెమ్మదిగా. "సరే. నేను వచ్చినంక కంప్యూటర్ మొదలు నేనే తెరుస్త. నా చేతితోనే కొడ్త. అప్పటిదాంక పైలం."

ఫోన్ పెట్టేశాక, ఆ పిల్లకు నా మీద అనుమానం రాలేదని సంతోషించాను. నా తెలివి అలాంటిది.

మర్నాడు కంప్యూటర్ డబ్బాను బండి మీద ముందు పెట్టుకుని జావీద్ దుకాణానికి పోయాను. జావీద్ నా చిన్ననాటి దోస్తు, కంప్యూటర్లు బాగుచేస్తాడు. కథంతా విని కౌంటరు మీద తల పెట్టుకుని నవ్వాడు.

"అరే భాయ్, నువ్వే గదా మొన్న నా దుకాన్ల నిలవడి పాస్‌వర్డ్ మీద గంటసేపు బయాన్ ఇచ్చినవ్."

"నవ్వింది సాలు గని, తెరుస్తవా లేదా?"

"ఫికర్ చెయ్యకు. పెన్‌డ్రైవ్ పెట్టి పాస్‌వర్డ్ తీసేస్త. చాయ్ తాగెలోపల అయిపోతది. నీ ఫోటోలు గీటోలు ఎక్కడివక్కడ్నే ఉంటయి."

ఏదో పెన్‌డ్రైవ్ పెట్టాడు, ఏవో నల్లతెరలు వచ్చి పోయాయి. చాయ్ సగంలో ఉండగానే నా కంప్యూటర్ కిక్కురుమనకుండా తెరుచుకుంది. తలంబ్రాల కింద కళ్ళు మూసుకున్న మమత తెరమీద ప్రత్యక్షమైంది. అంత బజారులో నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. జావీద్ చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"ఇగ పాత పాస్‌వర్డ్ ఏందో చెప్పు," అన్నాను.

"అదెట్ల చెప్త భాయ్? తీసేసిన. అది పోయింది."

"లోపల ఎక్కడ్నో రాసుంటది గదా."

"గట్ల రాసి పెట్టుకోదు. అది మాటను పిండి పట్టి పెట్టుకుంటది. పిండి చూసి ఏ గింజనో చెప్పుమంటె నాతోని కాదు."

అప్పుడు వెలిగింది నాకు. మమత వస్తుంది. నా చేతితోనే కొడ్త అంది. కొడుతుంది. తప్పు అంటుంది. తాళం మార్చిన ఇంటి ముందు పాత తాళంచెవితో నిలబడ్డట్టు నిలబడుతుంది. అసలు ఏ పాస్‌వర్డూ అడక్కుండా తెరుచుకుంటే ఇంకా ఘోరం. "మనిద్దరికే" అన్నది ఊరందరికీ అయిపోతుంది. కంప్యూటర్లోకి దారి దొరికింది గానీ నాకు కావలసింది ఆ మాట. అది లోకంలో ఇప్పుడు ఒక్క మనిషి దగ్గరే ఉంది, ఆ మనిషి గోదావరి ఒడ్డున చేతులకు మైదాకు పెట్టుకుని కూర్చుంది.

"పోయి నిజం చెప్పరాదు," అన్నాడు జావీద్. "భాభీ తిడ్తది. తిట్టినంక ఊకుంటది. ఎందుకింత పరేషాన్?"

మల్లేశన్నకు ఆయన ఫోటో అమ్మవారితో సమానంగా పెట్టి ఫ్లెక్సీ ఇచ్చేసి, దండెం మీది చున్నీ సంచిలో పెట్టుకుని ధర్మపురి బస్సెక్కాను. చున్నీ ఇచ్చిపోదామని వచ్చానని సాకు. ఆషాఢంలో చున్నీ లేక ఎవరి ప్రాణమూ పోదని బస్సులో ఎవరికైనా తెలుస్తుంది. జగిత్యాల దాటాక తుంపర మొదలైంది. కిటికీ మూయమని పక్కాయన గొణుగుతున్నా నేను మూయలేదు. దారి పొడవునా నాట్ల కోసం నీళ్ళు నిండిన మళ్ళు. ఆమెతో కలిసి ఈ దారిన రావడానికి ఇంకా ఎన్నాళ్ళుందో లెక్కపెట్టబోయి, దిగులేసి మానేశాను.

అత్తగారింటి ముందు నన్ను చూడగానే అత్తమ్మ రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆగు అల్లుడా, ఆడనే ఆగు. లోపటికి రావద్దు."

"తెలుసు అత్తమ్మా. చున్నీ ఇచ్చి పోదామని వచ్చిన."

"బయటనే కుర్సి ఏస్త, కూసో. మమతా, నువ్వు బయటికి రావద్దు. లోపట్నే పీట ఏసుకొని మాట్లాడు."

"గడప మీద కూసోవచ్చా?" అని అడిగాను ఆశగా.

"గడప మీద కూసుంటే ఇంకా తప్పు."

వీధిలో రేకు చూరు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసింది. చూరు సగం కుర్చీకే వచ్చింది. మిగతా సగంలో ఉన్న నేను తడుస్తూ కూర్చున్నాను. గోదావరికి స్నానానికి పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు అందరూ ఆగి పలకరించేవారే.

"ఏం అల్లుడా, వానల కూసున్నవ్, ఎల్లగొట్టిండ్రా?" అన్నాడు ఒక ముసలాయన.

"ఆషాఢం తాతా."

"ఓ, గదా. నేను గూడ కూసున్న అట్ల. కూసో కూసో," అని సంతృప్తిగా పోయాడు.

లోపల గడపకు అవతల పీట మీద మమత కూర్చుని ఉంది. రెండు అరచేతుల నిండా మళ్ళీ కొత్తగా పెట్టుకున్న పచ్చటి మైదాకు ముద్ద. చేతులు ఒళ్ళో చాపుకుని, తల కొంచెం వంచి నన్ను చూస్తోంది. మా మధ్య ఉన్నది ఒక్క గడప, పసుపు రాసి బొట్లు పెట్టిన ఒక చెక్క. కరీంనగర్ నుంచి బస్సులో వచ్చినంత దూరం ఒక ఎత్తు, ఆ చెక్క ఒక ఎత్తు. ఆమెను అలా చూస్తుంటే వచ్చిన పని కూడా కాసేపు మరిచాను. మరవడంలో నాకు అప్పటికే పేరొచ్చేసింది కదా.

అత్తమ్మ పళ్ళెంలో కాల్చిన మక్కకంకి, అదే మొక్కజొన్న పొత్తు, పెట్టి గడప మీదుగా అందించింది. "మమతనే అన్నది, నీకు కంకి కాల్చి పెట్టుమని," అని పక్కింటికి ఉప్పుకో పప్పుకో వెళ్ళింది. అత్తలందరికీ ఇంత మంచి బుద్ధి ఉంటే లోకం ఎంతో బాగుపడుతుంది.

కంకి కొరుకుతూ, నిజం ఎలా చెప్పాలా అని లోపల్లోపల మాటలు పేర్చుకుంటున్నాను.

"ఎట్లున్నది కంకి?" అని అడిగింది మమత.

"మంచిగనే ఉన్నది."

"మంచిగనే అంటే?"

"జర ముదిరింది."

ఆమె కళ్ళు మెరిశాయి. "ముదిరిందా? ఇంకేం యాదికి రాలేదా?"

బాగా ఆలోచించాను. "ఉప్పు గూడ జర తక్కువైంది," అన్నాను.

మమత తల పక్కకు తిప్పుకుంది. మైదాకు చేతులు అడ్డుపెట్టుకోలేక భుజానికి మొహం ఆనించుకుంది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. కంకికి వంక పెడితే ఇంత బాధపడుతుందా అనుకున్నాను. ఇక ఆగలేక చెప్పేశాను.

"మమతా, కోపానికి రావద్దు. గా పాస్‌వర్డ్ నాకు యాదికి లేదు. ఆ రోజు నువ్వు చెవుల చెప్పినవ్, నేను వినలే. నిన్ను చూసుకుంట కూసున్న. జావీద్‌తోని తెరిపిచ్చిన. ఇగ పాత మాట లోపల లేదు. అదేందో చెప్తె మళ్ళ అదే పెడ్త. తిడ్తె తిట్టు."

మమత ఇటు తిరిగింది. ఏడవడం లేదు. నన్ను చాలాసేపు చూసింది. వానలో తడిసిన జుట్టు, చేతిలో సగం తిన్న కంకి, కాళ్ళ దగ్గర చున్నీ సంచి, అన్నీ చూసింది.

"నాకు గూడ యాదికి లేదు," అంది.

"నిజమా?"

"పెద్ద అక్షరం పెట్టుమంటిరి, అంకె పెట్టుమంటిరి, గుర్తు పెట్టుమంటిరి. గవన్ని పెట్టెవరకు మొదలు ఏమనుకున్ననో మర్చిపోయిన. మీకు యాదికున్నదేమోనని ఫోన్ల అడిగిన."

నాకు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను. ఇద్దరం సమానం. మల్లేశన్న, అమ్మవారు ఫ్లెక్సీలో ఉన్నంత సమానం. వీధిలో జనం చూస్తున్నారని కూడా లేకుండా నవ్వాను, ఆమె నవ్వింది.

"మరి ఇప్పుడు ఏం పెడుదాం?" అన్నాను.

"ఏం పెట్టొద్దు. గట్లనే ఉండనియ్యుండ్రి. వచ్చినంక చూద్దాం."

బస్సు వేళయింది. మమత లోపల చేతులు కడుక్కుని గడప దగ్గరికి వచ్చి, దాటకుండా రెండు అరచేతులూ నాకు చూపించింది. "వండిందా?" అని అడిగింది. ఎర్రగా, బాగా ఎర్రగా పండాయి. మైదాకు ఎంత ఎర్రగా పండితే మొగుడికి అంత ప్రేమట, మా వైపు అంటారు. ఆ చేతుల్ని ఒకసారి పట్టుకోవాలని ఎంత అనిపించిందో, ఒక చెక్క అడ్డం ఉంటే ఎంత అనిపిస్తుందో, అప్పుడే తెలిసింది. "వండింది," అని చెప్పి, సగం కంకి జేబులో పెట్టుకుని బస్సెక్కాను. శ్రావణంలో ఆమె వచ్చాక పాస్‌వర్డ్ మళ్ళీ మా దుకాణం పేరే పెట్టుకున్నాం. వాడంతా మళ్ళీ సినిమాలు చూసుకున్నారు.

కథ ఇక్కడే అయిపోయిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ కంప్యూటర్ పాడైపోయి అటక ఎక్కింది. మాకు పాప పుట్టింది, పేరు నిత్య. వీధిగదిలో ఇప్పుడు మమత జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. ఒకే ఇంట్లో ఉంటాం, పొద్దంతా ఎదురెదురుగా ఉంటాం. మధ్యలో ఏ గడపా లేదు. "కరెంటు బిల్లు కట్టిండ్రా", "కట్టిన" అనుకుంటాం. ఆ తుంపరలో సగం కుర్చీ మీద కూర్చున్నవాడు ఎటు పోయాడా అని అప్పుడప్పుడు నాకే బెంగగా ఉంటుంది.

ఇవాళ, మళ్ళీ ఆషాఢంలోనే, మమత ఇంటికి వైఫై పెట్టించింది. బిగించడానికి మనిషి వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. సాయంత్రం వాన పడుతోంది. నేను ముందు గదిలో పేపరు చదువుతున్నాను. వంటింటి గడప దగ్గర మమత చేతుల నిండా మైదాకుతో కూర్చుని ఉంది.

"అమ్మా, వైఫై పాస్‌వర్డ్ ఏంది?" అని నిత్య వచ్చింది.

"ఆగు బిడ్డా, చేతులకు మైదాకున్నది. తర్వాత నేనే కొడ్త."

"చెప్పు, నేనే కొడ్త."

మమత ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "లేతకంకి. అంతా కలిపి కొట్టు. మొదటి అక్షరం పెద్దది. చివరకు రెండు. దాని పక్కకు చుక్క గుర్తు."

"గిదేం పాస్‌వర్డ్ అమ్మా? రెండెందుకు? మనం ముగ్గురం గదా."

"పెట్టిన్నాడు ఇద్దరమే ఉంటిమి."

పేపరు నా చేతిలో అలాగే ఉంది, అక్షరాలు మాత్రం కనబడలేదు. మానేరు కట్ట, తుంపర, నిప్పుల మీద కంకులు కాలుస్తూ "లేతకంకి, లేతకంకి" అని అరుస్తున్న మనిషి. కొంటే అది రాయిలా ముదిరి ఉంది. పంటి కిందికి దిగదు. "గిది లేతదైతే ముదురుది ఎట్లుంటదో," అంది మమత, అప్పటికి నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. ఇద్దరం కట్ట మీద కూర్చుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. మైదాకు చేతులతో మాట్లాడిన ఆ ఫోన్లో, వాన పడితే ఏం యాదికొస్తదని అడిగింది. గడప అవతల నుంచి కంకే కాల్పించి పంపింది. నేను ఉప్పు తక్కువైందన్నాను.

ఇన్నేళ్ళూ ఆమె మరిచిపోలేదు. ఆ వానలో తడుస్తూ కూర్చున్న నా ముఖం చూసి, మరిచిపోయానని అబద్ధమాడింది. నా తప్పును సగం తన కొంగుకు కట్టుకుంది.

లేచి వంటింటి దగ్గరికి పోయాను. "నా ఫోన్ల గూడ వైఫై కావాలె. పాస్‌వర్డ్ ఏంది?" అని అడిగాను.

మమత తలెత్తి నన్ను చూసింది. ఆ రోజు గడప అవతల నుంచి చూసిన చూపే.

"నిత్యా, బాపు ఫోన్ల నువ్వే కొట్టియ్యి," అంది. "ఆయినకు చెప్పినా యాదికుండది."

ఫోన్ నిత్య చేతికిచ్చాను. అందుకని, వైఫై డబ్బా మీద వెలిగే పచ్చటి దీపం సాక్షిగా, పండబోయే మైదాకు సాక్షిగా, నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో "ఎట్ల మర్చిపోతం" అన్న మాట నోట అనను. కంకిలో ఉప్పు సంగతి ఎత్తను. ఆ పాస్‌వర్డ్ నాకు యాదికొచ్చిందని మమతకు ఎప్పటికీ తెలియనివ్వను. వాన వెలిశాక మానేరు కట్ట మీదికి పోయి, దొరికినవాటిలో అన్నిటికన్నా ముదురు కంకి ఏరి తెచ్చి, మాట్లాడకుండా ఆమె పక్కన పెడతాను.